‘ఏదైనా మంచిది ఇవ్వండి’ అన్నవారికి ఏమివ్వాలి?

(గ్రంథాలయ కౌంటర్లలో పనిచేసే సిబ్బంది, వాలంటీర్ల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

కౌంటర్ దగ్గర కూర్చున్నవాళ్లకు రోజూ వినిపించే మాట ఒకటుంది: “ఏదైనా మంచి పుస్తకం ఉంటే ఇవ్వండి.” పుస్తకం బదులు ఒకరు సినిమా అంటారు, ఇంకొకరు డాక్యుమెంటరీ అంటారు. అడిగే వరస మాత్రం ఒకటే. దీనికి మామూలుగా మనమిచ్చే జవాబులు రెండు. మనకు నచ్చినదాన్ని చేతిలో పెడతాం, లేదా కొత్తగా వచ్చినవాటి ర్యాక్ వైపు వేలు చూపిస్తాం. రెండూ తేలికే. అడిగిన మనిషి గురించి మాత్రం రెండింట్లోనూ ఒక్క ముక్క తెలుసుకోలేదు.

వచ్చినవాళ్లు దేని గురించి కావాలో చెబుతారు. యుద్ధం, హత్య, ప్రేమ, సముద్రం అంటారు. కానీ ఒక పుస్తకాన్ని వాళ్లచేత చివరిదాకా చదివించేది సాధారణంగా ఆ విషయం కాదు, దాన్ని చెప్పిన తీరు. ఈ తేడా పట్టుకోగలిగితే పుస్తకానికి బదులు సినిమా ఇచ్చినా, సినిమా అడిగినవారికి డాక్యుమెంటరీ ఇచ్చినా తప్పు పోదు. పట్టుకోలేకపోతే కేటలాగ్ ఎంత బాగున్నా లాభం లేదు.

కాబట్టి మొదటి ప్రశ్న ఇలా వేయండి: “ఈమధ్య చదివినవాటిలో, చూసినవాటిలో మీకు బాగా నచ్చింది ఏది?” పేరు చెప్పగానే లేచి ర్యాక్ దగ్గరికి పరిగెత్తకండి. రెండో ప్రశ్న అడగాలి: “అందులో మీకు ఏం నచ్చింది?” అసలు సమాచారం దీనికి వచ్చే జవాబులో ఉంటుంది.

ఒకే హత్యా పరిశోధన నవల ముగ్గురు చదివారనుకోండి. ఒకరు “అధ్యాయం అయిపోయినా పక్కన పెట్టలేకపోయాను” అంటారు. ఇంకొకరు “ఆ ఇన్‌స్పెక్టరు ఇంటి గొడవలు, కూతురితో అతని మాటలు ఎంత బాగా రాశారో” అంటారు. మూడో మనిషి “ఆ మంచు కురిసే ఊరు కళ్లకు కట్టింది” అంటారు. మొదటివారికి కావలసింది వేగం. గూఢచారి నవల ఇవ్వవచ్చు, ప్రమాదంలో చిక్కుకుని బయటపడినవాళ్ల నిజ వృత్తాంతం ఇవ్వవచ్చు, గంటన్నరలో ముగిసే బిగువైన సినిమా ఇవ్వవచ్చు. రెండోవారికి హత్యతో పనే లేదు, తండ్రీకూతుళ్ల కథ ఇస్తే సంతోషిస్తారు. మూడోవారికి చలిప్రాంతాల యాత్రాకథనమో, ధ్రువప్రాంతం మీద డాక్యుమెంటరీనో సరిపోతుంది. ముగ్గురికీ మరో హత్య నవలే ఇచ్చామంటే, ఇద్దరు సగంలో తిరిగి తెచ్చేస్తారు. పైగా మర్యాదకొద్దీ “బాగుంది” అంటారు, మనకు తప్పు తెలియనే తెలియదు.

దీని మీద గ్రంథాలయ రంగంలో చాలా పని జరిగింది. అమెరికాలో జాయిస్ సారిక్స్ 1989 నుంచి రాస్తూ వచ్చిన పుస్తకాల్లో నడక, పాత్రచిత్రణ, కథాంశం, నేపథ్యం, స్వరం, శైలి వంటి లక్షణాల ఆధారంగా పుస్తకాలను కలపడం ఎలాగో వివరించారు. లైబ్రేరియన్ నాన్సీ పెర్ల్ దాన్నే నాలుగు గుమ్మాలుగా కుదించారు: కథ, పాత్రలు, స్థలకాలాలు, భాష. పాఠకుడు ఏ గుమ్మంలోంచి లోపలికి వెళ్తాడో కనిపెడితే చాలు. రద్దీగా ఉన్న కౌంటర్లో ఆరు లక్షణాలు గుర్తుండవు, నాలుగు గుమ్మాలు గుర్తుంటాయి. నేనైతే వాటినే వాడమంటాను.

కొందరికి ఏ పేరూ గుర్తురాదు. అప్పుడు ప్రశ్నను తిరగేయండి: “మధ్యలో వదిలేసింది ఏదైనా ఉందా? ఎందుకు వదిలేశారు?” నచ్చినది చెప్పలేనివాళ్లు కూడా విసుగు పుట్టించినది ఠక్కున చెబుతారు. “ఏవి వద్దు?” అని కూడా అడగండి. రక్తపాతం, పసిపిల్లల మరణం, విషాదాంతం, జంతువులను హింసించే దృశ్యాలు, వీటిలో ఏదో ఒకటి చాలామందికి పడదు. ఇష్టాల్లో పొరపడితే పుస్తకం తిరిగొస్తుంది. అయిష్టాల్లో పొరపడితే ఆ మనిషి మళ్లీ మన దగ్గరికి వచ్చి అడగరు.

తరవాతది కాలం లెక్క. ఇది ఎవరూ వేయరు. పుటకు 2 నిమిషాలు పట్టే పాఠకుడికి 300 పుటల పుస్తకానికి 600 నిమిషాలు, అంటే 10 గంటలు కావాలి. రోజుకు అరగంట చదివేవారికి అది 20 రోజుల పని. మన గడువు 14 రోజులైతే రెన్యువల్ తప్పదు. ఆ పుస్తకాన్ని వేరే ఎవరైనా రిజర్వ్ చేసి ఉంటే రెన్యువల్ కూడా కుదరదు. అలాంటప్పుడు 180 పుటల నవలో, కథల సంపుటమో ఇవ్వడం మేలు. కథలకు ఇంకో సుగుణం ఉంది. గడువుకు సగమే చదివినా, చదివిన కథలు పూర్తిగా చదివినట్టే. ఆడియో పుస్తకాల్లో వేగం పెంచుకోవచ్చని చెప్పండి. 10 గంటల రికార్డింగు 1.25 వేగంతో 8 గంటల్లో ముగుస్తుంది.

చూపు సంగతి కూడా ఇక్కడే తేలాలి. మామూలు పుస్తకాల అక్షరం 10 నుంచి 12 పాయింట్ల మధ్య ఉంటుంది. పెద్దక్షరాల ముద్రణ 16 పాయింట్ల నుంచి మొదలవుతుంది. “ఈమధ్య చదవాలనిపించడం లేదండీ” అనే పెద్దవారిలో కొందరికి తగ్గింది చూపే, ఆసక్తి అలాగే ఉంటుంది. వయసు ప్రస్తావన తేకుండా, ఒక పుట తెరిచి చేతికిచ్చి “ఈ అక్షరం సౌకర్యంగా ఉందా?” అని అడిగితే చాలు.

ఇప్పుడు కేటలాగ్ దగ్గరికి వద్దాం. ఒకరు వచ్చి “సముద్రం మీద ఏమైనా ఉందా” అన్నారనుకోండి. విషయాన్ని బట్టి పుస్తకాలకు నంబర్లిచ్చే డ్యూయీ వర్గీకరణ పాటించే గ్రంథాలయంలో సముద్రం ఒక చోట ఉండదు. సముద్రశాస్త్రం 551.46 దగ్గర, సముద్రజీవులు 578.77 దగ్గర, ఓడల రవాణా 387.5లో, చేపల వేట 639.2లో, సముద్రయానాలు, ఓడ మునకల కథనాలు 910.45లో ఉంటాయి. నవలలు రచయితల పేర్ల వరసలో చెల్లాచెదురుగా ఉంటాయి. డిస్కులు కొన్ని గ్రంథాలయాల్లో ఇవే నంబర్లతో పుస్తకాల పక్కన ఉంటాయి, కొన్నింట్లో విడిగా వేరే బీరువాలో. మనం ఒక్క ర్యాక్ చూపించి పంపేస్తే, ఆరింట ఒక వంతు చూపించినట్టు. తుఫానులో చిక్కిన నావికుల కథ కోరేవారిని 551.46 దగ్గర నిలబెట్టామంటే, చేతికి లవణీయత పట్టికలు దొరుకుతాయి.

దీనికి మంచి ఉపాయం ఉంది. ఆ మనిషికి నచ్చిన ఒక్క పుస్తకం రికార్డు తెరవండి. కింద విషయ శీర్షికలు, అంటే ఆ పుస్తకం దేని గురించో చెప్పే మాటలు, ఉంటాయి. వాటి మీద నొక్కితే అదే శీర్షిక ఇచ్చిన పుస్తకాలు, డిస్కులు అన్నీ ఒకే జాబితాలో వస్తాయి. సెర్చ్ పెట్టెలో మనకు తోచిన మాట కొట్టడం కన్నా ఇది నమ్మదగిన దారి. మనం కొట్టిన మాట రికార్డులో ఎక్కడా లేకపోతే పుస్తకం ఉన్నా కనిపించదు. శీర్షికను మనిషి చూసి ఇచ్చాడు కాబట్టి, పేరులో ‘సముద్రం’ అన్న మాట లేని పుస్తకం కూడా అందులో దొరుకుతుంది.

రిజర్వ్ చేసేటప్పుడు ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకం మీద అచ్చువేసే గుర్తింపు సంఖ్య, పట్టుకుని వెతకడం వల్ల వచ్చే చిక్కు కూడా చెప్పాలి. 2007 నుంచి అది 13 అంకెల సంఖ్య, అంతకుముందు 10 అంకెలు. గట్టి అట్టకు ఒకటి, మెత్తటి అట్టకు మరొకటి, ఇంకో ప్రచురణకర్త వేస్తే వేరొకటి ఉంటుంది. ఎవరో ఫోన్లో చూపించిన సంఖ్య కొట్టి “లేదండీ” అనేస్తాం. అదే పుస్తకం వేరే సంఖ్యతో పక్క వరసలోనే ఉంటుంది. పేరుతోనూ రచయితతోనూ మరోసారి వెతకనిదే లేదని చెప్పకండి.

వరస నవలల విషయంలో మొదటి భాగం మన దగ్గర ఉందో లేదో చూసుకోకుండా మాట ఇవ్వవద్దు. మూడో భాగం ఒక్కటే ర్యాక్‌లో ఉందంటే, మొదటిది పోయిందనో, బయట ఉందనో అర్థం. కొత్తవాళ్లకు అచ్చైన క్రమంలో చదవమని చెప్పడం క్షేమం. కథాకాలం ప్రకారం ముందు జరిగిన భాగాన్ని రచయిత తరవాత రాసి ఉంటే, దాన్నే మొదట చదివినవారికి దాచిపెట్టిన సంగతులు ముందే తెలిసిపోతాయి.

పుస్తకం చేతికి వచ్చాక ఇచ్చేముందు అర నిమిషం చూడండి. టైటిల్ పేజీ వెనక పుటలో ముద్రణ వివరాలు ఉంటాయి. పునర్ముద్రణ 2019 అని ఉండి, మొదటి ముద్రణ 1994 అని ఉంటే, లోపలి సమాచారం 1994 నాటిదే. సవరించిన కూర్పు అని స్పష్టంగా ఉంటేనే కొత్తదనుకోవాలి. నవలకు ఇది పెద్ద విషయం కాదు. వైద్యం, చట్టం, పన్నులు, కంప్యూటర్లకు మాత్రం ప్రాణం. నిల్వలోంచి పాతవి తీసేసే పద్ధతుల్లో వైద్యానికి 5 ఏళ్లు, కంప్యూటర్లకు 3 ఏళ్లు అన్నది చాలా చోట్ల వాడే కొలత. సిఫారసుకూ అదే వాడుకోండి. సంక్షిప్త ప్రతి అవునా కాదా, అనువాదమైతే అనువాదకులెవరు, మూలం నుంచి నేరుగా చేశారా మరో భాష మీదుగా చేశారా అన్నవీ అక్కడే తెలుస్తాయి. సమాచార గ్రంథమైతే చివర పదసూచిక ఉందేమో చూడండి. ఒక్క సంగతి వెతుక్కోవడానికి వచ్చినవారికి పదసూచిక లేని 500 పుటల గ్రంథం ఇవ్వడం వాళ్ల కాలం తినేయడమే. పాఠకుడి సమయం ఆదా చేయమని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో తన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో ఒకటిగా పెట్టింది ఊరికే కాదు.

సినిమాలకు వేరే చిక్కులు. డిస్కు పెట్టె వెనక్కి తిప్పి నాలుగు సంగతులు చూడాలి: రీజియన్, ఆడియో భాషలు, సబ్‌టైటిళ్లు, తెర కొలత. డీవీడీలకు ప్రాంతాలవారీగా 1 నుంచి 6 దాకా రీజియన్ సంఖ్యలు ఉంటాయి. 0 అని ఉంటే ఎక్కడైనా ఆడుతుంది. బ్లూరేకు ఏ, బీ, సీ అని మూడు. ఆడని డిస్కు తీసుకెళ్లినవారు “చెడిపోయింది” అని తెచ్చిస్తారు, మనం పాడైనవాటి పెట్టెలో పడేస్తాం. డిస్కు నిక్షేపంగా ఉంటుంది. కంప్యూటర్లో రీజియన్ మార్చి చూసుకోమని సలహా ఇచ్చేముందు ఒకటి గుర్తుంచుకోండి. చాలా డ్రైవులు 5 సార్లే మార్చనిస్తాయి, ఆ తరవాత చివరి సంఖ్య దగ్గర బిగుసుకుపోతాయి.

తెర కొలత సంగతి అంత తేలిగ్గా తీసుకోకండి. పాత డిస్కుల మీద ‘ఫుల్ స్క్రీన్’ అని ఉంటే పూర్తి సినిమా అనుకుంటారు. నిజానికి అది పాత చదరపు టీవీల కోసం పక్కలు కోసిన ప్రతి. వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 2.35:1గా తీసిన సినిమాను 1.33:1 తెరకు కోస్తే బొమ్మలో దాదాపు 43 శాతం పోతుంది. ఇద్దరు చెరో అంచున నిలబడి మాట్లాడే దృశ్యంలో ఒకరి ముక్కే మిగులుతుంది. రెండు ప్రతులూ ఉంటే ‘వైడ్ స్క్రీన్’ ఇవ్వండి. నిడివి గురించి కూడా తగువులు వస్తాయి. సెకనుకు 24 ఫ్రేములతో తీసిన సినిమా పాల్ (PAL) అనే టీవీ పద్ధతికి చేసిన డిస్కులో 25 ఫ్రేముల వేగంతో నడుస్తుంది. 100 నిమిషాల సినిమా అక్కడ 96 నిమిషాలకే అయిపోతుంది. దృశ్యాలేవీ కోయలేదు. పరుగు కాస్త పెరిగిందంతే.

నవలా, దాని మీద తీసిన సినిమా రెండూ ఉంటే ఏది ముందివ్వాలి? పుస్తకమే ముందు అని చాలామంది పట్టుదల. నేను ఒప్పుకోను. స్క్రిప్టులో ఒక పుటకు తెర మీద సుమారు ఒక నిమిషం అని లెక్క. 2 గంటల సినిమాకు 120 పుటలు. 400 పుటల నవలను అందులో ఇమిడ్చాలంటే మనసులోని మాటలు, చిన్న పాత్రలు, పక్క కథలు పోక తప్పదు. పుస్తకం ముందు చదివినవారు సినిమా అంతసేపూ పోయినవాటిని లెక్కపెడుతూ కూర్చుంటారు. సినిమా ముందు చూసినవారికి పుస్తకంలో ప్రతి అధ్యాయంలో అదనంగా ఏదో దొరుకుతుంది. చదివే అలవాటు తప్పినవారికైతే సినిమాతో మొదలుపెట్టించడమే దారి, పాత్రల పేర్లు తెలిసిపోతాయి కాబట్టి మొదటి 50 పుటల బరువు తగ్గుతుంది. పెద్ద నవలల కన్నా పెద్ద కథలు, చిన్న నవలలు తెరకెక్కినప్పుడు మూలం ఎక్కువగా మిగులుతుంది. జంటగా ఇవ్వడానికి ముందు అవి వెతకండి.

డాక్యుమెంటరీల దగ్గర మనం అన్నిటికన్నా అజాగ్రత్తగా ఉంటాం. విషయం చూసి ఇచ్చేస్తాం. కానీ ఏనుగుల మీద రెండు డాక్యుమెంటరీలు ఉంటే, ఒకదానిలో వ్యాఖ్యాత మొదటి నుంచి చివరిదాకా వివరిస్తూనే ఉంటాడు. రెండోదానిలో ఒక్క మాట వ్యాఖ్యానం ఉండదు, కెమెరా చూస్తూ ఉంటుంది, అర్థం మనమే చేసుకోవాలి. పరీక్షకు చదివే విద్యార్థికి రెండోది ఇస్తే చేతికేమీ దక్కదు. తీరిగ్గా చూడగలిగేవారికి మొదటిది ఇస్తే పాఠం విన్నట్టుంటుంది. కాబట్టి రికార్డులో గానీ మన సొంత చీటీలో గానీ ఈ ముక్క రాసుకోవాలి: వ్యాఖ్యానం ఉందా, ఇంటర్వ్యూలా, చూపడమేనా, తీసినవారు తామే తెర మీద కనిపిస్తారా.

రెండోది, నిజం అని పేరున్నదంతా నిజంగా జరుగుతుండగా తీసినది కాదు. 1922లో రాబర్ట్ ఫ్లాహెర్టీ ఉత్తర కెనడాలో ఇన్యుయిట్ ప్రజల జీవితం మీద తీసిన ‘నానూక్ ఆఫ్ ది నార్త్’ డాక్యుమెంటరీల చరిత్రలో మొదటి వరసలో నిలిచే చిత్రం. అందులో మంచు ఇంటి లోపలి దృశ్యాలను, లోపల వెలుతురు చాలక, ఒక పక్క తెరిచి ఉంచిన ఇంట్లో తీశారు. అప్పటికే తుపాకులు వాడుతున్న మనుషుల చేత పాత పద్ధతిలో బల్లేలతో వేట చేయించారు. నానూక్ అన్నది కూడా అందులో ప్రధానంగా కనిపించే వేటగాడి అసలు పేరు కాదు. ఇవన్నీ తెలిసి ఇవ్వకూడదని కాదు, తప్పకుండా ఇవ్వాలి. పక్కన ఆ ప్రజల గురించిన ఇటీవలి పుస్తకం ఒకటి జోడించి ఇవ్వాలి. ఇప్పటి వన్యప్రాణి చిత్రాల్లో కూడా దూరం నుంచి టెలి లెన్సుతో తీసిన జంతువు అడుగుల చప్పుడు ఎక్కువగా స్టూడియోలో చేర్చిందే. పిల్లలకు ఇది చెబితే ఇంకోసారి చూస్తామంటారు!

సీరియల్ డాక్యుమెంటరీలకు గడువు లెక్క మరీ ముఖ్యం. 50 నిమిషాల భాగాలు 10 ఉంటే 500 నిమిషాలు, అంటే 8 గంటల 20 నిమిషాలు. డిస్కుల గడువు వారమే అయితే రోజుకు 70 నిమిషాలకు పైగా చూడాలి. ఉద్యోగం చేసేవారికి కష్టం. ఏ భాగాలు విడిగా చూసినా అర్థమవుతాయో చెప్పి, రెండు మూడు సూచించండి. ఇంకో హెచ్చరిక: అరువు తీసుకున్న డిస్కు ఇంట్లో చూసుకోవడానికే. సంఘంలోనో బడిలోనో పదిమందికి వేస్తామంటే బహిరంగ ప్రదర్శన హక్కులు విడిగా తీసుకోవాలి, అది ముందే చెప్పండి.

డిస్కు ఇచ్చేముందు వెలుతురులో వాలుగా పట్టి చూడండి. తుడవాల్సి వస్తే మెత్తటి పొడిబట్టతో మధ్య రంధ్రం నుంచి అంచుకు తిన్నగా తుడవాలి, గుండ్రంగా కాదు. సమాచారం వలయాకారపు దారిలో ఉంటుంది. దారికి అడ్డంగా పడిన గీతను ప్లేయర్ తప్పుల్ని సరిదిద్దుకునే పద్ధతితో దాటేస్తుంది. దారి వెంబడి పడిన గీత మాత్రం వరసగా చాలా సమాచారాన్ని మింగేస్తుంది, అక్కడ బొమ్మ గడ్డకడుతుంది. సీడీలో సమాచారపు పొర సరిగ్గా పేరు రాసే వైపు కిందనే ఉంటుంది కాబట్టి ఆ పైగీత ప్రాణాంతకం. డీవీడీలో ఆ పొర రెండు ముఖాల మధ్య, ఒక్కో వైపు 0.6 మిల్లీమీటర్ల లోతున ఉంటుంది. డిస్కు మీద ఒక మూల లేబుల్ అంటిస్తే తిరిగేటప్పుడు తూకం తప్పుతుంది. గ్రంథాలయ ముద్ర మధ్య వలయంలోనే వేయండి.

ఇక ఎలా చెప్పాలి? మూడింటికి మించి సూచించకండి. ఒకటి వాళ్లు అడిగినదానికి దగ్గరది, ఒకటి అదే నడక ఉన్న వేరే విషయం, ఒకటి వేరే రూపంలోది. మూడూ ర్యాక్ నుంచి తీసి చేతిలో పెట్టండి. “అక్కడుంటాయి చూసుకోండి” అన్నది సిఫారసు కాదు. నచ్చకపోతే మధ్యలో ఆపేయవచ్చని కూడా చెప్పండి. నాన్సీ పెర్ల్ సూచన ఒకటుంది: 50 ఏళ్లలోపువారు 50 పుటలు చదివి తేల్చుకోవాలి, 50 దాటినవారు 100లోంచి తమ వయసు తీసేసి, మిగిలినన్ని పుటలు చదివితే చాలు. 70 ఏళ్లవారికి 30 పుటలు. వయసుకు ఇంతకన్నా మంచి రాయితీ ఇంకోటి నాకు తెలీదు.

ర్యాక్‌లో పెట్టే సిఫారసు కార్డు 40, 50 మాటలు దాటకూడదు. “అద్భుతమైన నవల, తప్పక చదవండి” అని రాస్తే ఏ పుస్తకానికైనా అతుకుతుంది కాబట్టి దేనికీ పనికిరాదు. ఇలా రాయండి: “ఒంటరి దీపస్తంభంలో ముగ్గురు కాపలాదార్లు, ఒక చలికాలం. సంఘటనలు తక్కువ, మాటలు ఎక్కువ. నింపాదిగా నడుస్తుంది. ముగింపు స్పష్టంగా ఉండదు. 180 పుటలు.” నింపాదిగా, ముగింపు స్పష్టంగా ఉండదు అన్న మాటలు కొందరిని వెనక్కి పంపుతాయి. పంపనివ్వండి. ముగింపు కావాలనుకునేవారు అక్కడే ఆగిపోవడం ఇద్దరికీ మంచిది.

వ్యాధుల మీదో, విడాకుల మీదో, అప్పుల మీదో పుస్తకం అడిగినవారిని ఎందుకు అని అడగకండి. “పరిచయంగా ఉండాలా, లోతుగా ఉండాలా?” అన్నంతవరకే. పేరు పైకి చదవకుండా, అట్ట కిందికి తిప్పి ఇవ్వండి. అలాంటివి నలుగురిలో అడగలేనివారి కోసం ఆ పుస్తకాల కాల్ నంబర్లు, అంటే అవి ర్యాక్‌లో ఎక్కడున్నాయో చెప్పే నంబర్లు, రాసిన కాగితం ఒకటి గోడకు అంటించి ఉంచితే, ఎవరినీ అడగకుండానే వెళ్లి తీసుకుంటారు.

పుస్తకం తిరిగొచ్చినప్పుడు “బాగుందా?” అని అడిగితే “బాగుంది” అనే వస్తుంది. “ఎక్కడిదాకా వచ్చారు?” అని అడగండి. 40వ పుట దగ్గర ఆపేశామంటే ఎందుకో రెండు మాటల్లో పుస్తకం పేరు కింద రాసుకోండి. చదివినవారి పేరు మాత్రం రాయవద్దు. “మొదట్లో పాత్రలు మరీ ఎక్కువ”, “అక్షరం చిన్నది”, “మూడో డిస్కు 20వ నిమిషం దగ్గర ఆగుతోంది” ఇలాంటివి. మూడో డిస్కు ఫిర్యాదు వచ్చిన రోజే ఆ పెట్టెను ర్యాక్ నుంచి తీసేసి ఆడించి చూడండి. లేకపోతే తరవాత తీసుకెళ్లేవారు కూడా సరిగ్గా అక్కడే ఆగుతారు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.